సోరియాసిస్: చర్మం కింద ఏం జరుగుతోంది?

(ట్రస్టు వార్షిక స్కాలర్‌షిప్పుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో ఎవరో ఒకరు ఉద్యోగాల గురించో, బ్యాంకు పరీక్షల గురించో మాట్లాడటం మన ఆనవాయితీ. కార్యదర్శి గారు నాకు ఫోన్ చేసినప్పుడు "మీకు తెలిసిన విషయం ఏదైనా సరే, అరగంట మాట్లాడండి" అన్నారు. బ్యాంకు గురించి నాకు తెలిసిందంతా ఇప్పుడు పాతబడిపోయింది. లెడ్జర్లు పోయాయి, టోకెన్లు పోయాయి. పాతబడకుండా నా వెంట ఉన్నది ఒక్కటే, సోరియాసిస్. అందుకని దాని గురించే మాట్లాడతాను. ఊరికే కాదు, చివర్లో ట్రస్టు వారికి ఒక విన్నపం కూడా ఉంది.

నేను డాక్టర్ని కాను. ఇక్కడే ఖల్లికోట్ కాలేజీలో బి.కాం. చదివాను. 1982లో బ్యాంకులో గుమాస్తాగా చేరి, 2019లో రిటైరయ్యాను. 1989 చలికాలంలో మోచేతుల మీద మొదలైన మచ్చలు ఆ తరువాత అరచేతుల వెనక్కి, మోకాళ్లకి, తలలోకి వచ్చాయి. అప్పుడు నేను క్యాష్ కౌంటర్లో ఉండేవాణ్ని. కౌంటర్లో కూర్చున్నవాడి మొహం ఎవరూ చూడరు, చేతులే చూస్తారు. ఒకామె ప్రతి నెలా పెన్షన్ తీసుకోవడానికి వచ్చేది. ఒక రోజు "బాబూ, ఆ నోట్లు అలా గట్టు మీద పెట్టు, నేను తీసుకుంటాను" అంది. మర్యాదగానే అంది పాపం. తరువాత కొన్నాళ్లకి నన్ను కౌంటర్ నుంచి తీసి పాత రికార్డుల గదిలో వేశారు. ఏ బ్రాంచో అనవసరం. ఆర్డరులో "పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా" అని రాశారు. అసలు కారణం ఆఫీసులో ప్యూన్‌తో సహా అందరికీ తెలుసు.

ఆ గదిలో తీరిక చాలా దొరికింది. చదవడం అక్కడే మొదలైంది. ఇంటర్నెట్ వచ్చాక మా అబ్బాయి సాయంతో డాక్టర్లు రాసుకునే వ్యాసాలు కూడా చదివాను. అర్థం కానివి ఇక్కడి మెడికల్ కాలేజీలో చర్మవ్యాధుల డాక్టరు గారిని అడిగేవాణ్ని. ఆయన ఓపికగా చెప్పేవారు. ఈరోజు మీకు చెప్పేది అలా పోగుచేసుకున్నదే.

మన జనానికి సోరియాసిస్ అనగానే మూడు అనుమానాలు వస్తాయి. అది గజ్జి, లేకపోతే తామర, లేకపోతే కుష్టు. మూడూ అంటుకునేవే కాబట్టి ఇదీ అంటుకుంటుందని లెక్క. ఈ పొరపాటు మనదొక్కటే కాదు. యూరప్‌లో వందల ఏళ్లపాటు సోరియాసిస్‌ని, కుష్టుని కలిపే చూశారు. లండన్‌లో రాబర్ట్ విలన్ అనే డాక్టరు 1808లో ఈ జబ్బును స్పష్టంగా వర్ణించినా, పేర్ల గందరగోళం పోలేదు. 1841లో వియన్నాలో ఫెర్డినాండ్ హెబ్రా రెంటినీ పూర్తిగా విడదీశాడు. కుష్టుకి కారణమైన సూక్ష్మజీవిని నార్వేలో హాన్సెన్ 1873లో కనిపెట్టాడు. సోరియాసిస్‌కి అటువంటి సూక్ష్మజీవి లేదు. ఒకరి నుంచి ఇంకొకరికి పాకడానికి అందులో ఏమీ లేదు.

మరి ఆ ఎరుపు ఎక్కడిది? ఆ పొలుసులు ఎక్కడివి? చాలామంది పొలుసుల్నే జబ్బు అనుకుంటారు. కంటికి కనిపించేవి అవే కదా. పొలుసుల సంగతి తొందరగా చెప్పేస్తాను. మన పై చర్మం నిత్యం కింద నుంచి కొత్తగా పుట్టి, పైకి వచ్చి, రాలిపోతూ ఉంటుంది. మామూలుగా ఈ ప్రయాణానికి నెల రోజుల దాకా పడుతుంది. సోరియాసిస్ మచ్చలో వారం లోపే అయిపోతుంది. పక్వానికి రాకుండానే పైకి చేరిన కణాలు వెండి రంగు పొలుసులుగా పేరుకుంటాయి. అంతే.

నేను చెప్పదలచింది దాని కింద ఉన్నది. పై చర్మంలో రక్తనాళాలు ఉండవు. దానికి ఆహారం కింది పొర నుంచే అందాలి. అందుకని కింది పొర చిన్నచిన్న వేళ్లలాగా పైకి పొడుచుకుని ఉంటుంది. ఒక్కో వేలిలో ఒక్కో సన్నని రక్తనాళం పైకి వెళ్లి, మెలిక తిరిగి, మళ్లీ కిందికి దిగుతుంది. ఆడవాళ్లు కొప్పుకి పెట్టుకునే పిన్ను ఆకారం అనుకోండి. వీటినే మీ సైన్సు పుస్తకాల్లో రక్తకేశనాళికలు అంటారు. పైకి ఎక్కే కాలు ధమని వైపుది, దిగే కాలు సిర వైపుది.

సోరియాసిస్ మచ్చలో ఈ పిన్నులు పిన్నుల్లా ఉండవు. పొడుగవుతాయి, లావవుతాయి, మెలికలు తిరుగుతాయి. పురికొస తాడు తడిసి ముడుచుకున్నట్టు ఉంటాయి. 1997లో ఇంగ్లండు డాక్టర్లు ప్రచురించిన ఒక పరిశీలన ప్రకారం, అదే మనిషి ఒంటి మీద మచ్చ లేని చోటుతో పోలిస్తే మచ్చ ఉన్న చోట పైపై రక్తనాళాల లోపలి పొర సుమారు నాలుగు రెట్లు ఉంది. నాళాలు పెరిగితే రక్తం పెరుగుతుంది, రక్తం పెరిగితే ఎరుపు, వేడి. మచ్చ మీద చెయ్యి వేస్తే పక్క చర్మం కంటే వెచ్చగా తగులుతుంది. ఇక్కడ ఒక మాట. పుస్తకాల్లో బొమ్మలన్నీ తెల్లవాళ్లవి. మన చామనచాయ ఒంటి మీద ఆ ఎరుపు ఎరుపుగా కనిపించదు. నేరేడుపండు రంగులోనో, ముదురు గోధుమ రంగులోనో ఉంటుంది. "ఎర్రగా లేదు కదా, ఇది సోరియాసిస్ కాదు" అని తల్లిదండ్రులు ఏళ్ల తరబడి తామర మందులు రాసిన సందర్భాలు నాకు తెలుసు.

ఇంకో సంగతి. పొలుసుని గోటితో లాగితే కింద గుండుసూది మొనంత రక్తపు చుక్కలు వస్తాయి. దీనికి ఆస్పిట్జ్ గుర్తు అని పేరు. హెబ్రా శిష్యుల్లో ఒకరైన హైన్రిక్ ఆస్పిట్జ్ పేరు మీద వచ్చింది. అంతకుముందే ఇతరులు చూసినా పేరు మాత్రం ఆయనకి దక్కింది. ఆ పిన్నుల కొసలకీ పైన పొలుసుకీ మధ్య చర్మం చాలా పలుచబడి ఉంటుంది. పొలుసు లాగితే ఒక్కో పిన్ను కొస తెగి ఒక్కో చుక్క కారుతుంది. "మచ్చ శుభ్రం చేస్తున్నాం" అని పిల్లల ఒళ్లు పీచుతో, రాయితో రుద్దే తల్లులు ఇది గుర్తుంచుకోవాలి. రుద్దితే పోయేది మురికి కాదు, రక్తం. పైగా దెబ్బ తగిలిన చోటే కొత్త మచ్చ లేచే గుణం ఈ జబ్బుకి ఉందని 1872లోనే కోబ్నర్ అనే జర్మన్ డాక్టరు చెప్పాడు.

మా డాక్టరు గారు నాకు వీటిని కళ్లారా చూపించారు. మచ్చ మీద కాస్త నూనె చుక్క వేసి, దీపం ఉన్న చిన్న భూతద్దం పెట్టి, ఫోన్‌తో ఫోటో తీశారు. చూద్దును కదా, ఎర్ర చుక్కలు ఒకే సైజులో, ఒకే ఎడంతో, మా అప్ప సంక్రాంతికి ముగ్గు చుక్కలు పెట్టినంత పద్ధతిగా ఉన్నాయి. ఒక్కో చుక్క ఒక్కో నాళం మెలిక. తామరలో గానీ మామూలు గజ్జిలో గానీ ఇలా వరుసగా ఉండవు, అందుకే చర్మవ్యాధుల డాక్టర్లు ఈ భూతద్దాన్ని వాడతారు అన్నారు. ముప్పై ఏళ్లుగా నా ఒంటి మీద ఉన్నదాన్ని నేను సరిగ్గా చూసింది ఆ రోజే.

ఈ నాళాల గురించి ఎక్కువ శ్రమపడినవాళ్లలో ఇర్విన్ బ్రేవర్మన్ ఒకరు. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలో చర్మవ్యాధుల ప్రొఫెసరుగా పనిచేశారు. 1970లలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే, మామూలుగా ధమని లక్షణాలతో ఉండాల్సిన ఆ మెలిక భాగం సోరియాసిస్‌లో సిర లక్షణాలు తెచ్చుకుని కనిపించింది. దాని గోడలో సన్నని కిటికీల్లాంటి ఖాళీలు వచ్చాయి. చికిత్సతో మచ్చ తగ్గుతూ ఉంటే ఆ నాళాలు మళ్లీ పాత స్థితికి వస్తున్నాయని కూడా ఆయన బృందం గమనించింది. ఈయన గురించి విద్యార్థులకు ఇంకొకటి చెప్పాలి. వైద్య విద్యార్థులు రోగిని సరిగ్గా చూడటం లేదని ఈయనకి దిగులు. వాళ్లని విశ్వవిద్యాలయం వారి చిత్రశాలకి తీసుకెళ్లి, ఒక్కో పెయింటింగు ముందు నిలబెట్టి, కనిపించిందంతా చెప్పమనేవారు. ఆ తరువాత వాళ్లు రోగుల ఫోటోల్లో ఎక్కువ వివరాలు పట్టుకోగలిగారని 2001లో రాశారు. బి.ఏ. పిల్లలు తమ చదువు ఎందుకూ పనికిరాదని బాధపడుతుంటారు. అందుకని చెప్పాను.

కిటికీలు అన్నాను కదా. వాటివల్ల ఏం జరుగుతుంది? రక్తంలో నీరు, ప్రొటీన్లు బయటికి కారతాయి. అంతకంటే ముఖ్యంగా తెల్ల రక్తకణాలు బయటికి వస్తాయి. మామూలుగా ఈ కణాలు నాళంలో గబగబా వెళ్లిపోతుంటాయి. మచ్చ దగ్గరి నాళాల లోపలి గోడ మీద మాత్రం జిగురులాంటి అణువులు లేస్తాయి. కణం వేగం తగ్గి, దొర్లి, ఆగి, గోడ దాటి చర్మంలోకి దిగుతుంది. అక్కడ ఏదో శత్రువు ఉన్నట్టు సంకేతాలు పంపుతుంది. ఆ సంకేతాలకి చర్మకణాలు తొందరపడి పెరుగుతాయి. పెరిగే చర్మకణాలు మళ్లీ "మాకు రక్తం చాలడం లేదు" అని ఇంకో రసాయనాన్ని వదులుతాయి. దాని పేరు పొట్టిగా వీఈజీఎఫ్. నాళాలకి ఎరువు అనుకోండి. నాళాలు ఇంకా పెరుగుతాయి, ఇంకా కణాలు దిగుతాయి. అప్పు తీర్చడానికి అప్పు చేసినట్టు, ఇది ఆగదు.

ఈ వీఈజీఎఫ్‌ని 1983లో బోస్టన్‌లో క్యాన్సర్ గడ్డల మీద పనిచేస్తుండగా కనిపెట్టారు, నాళాలను కారేలా చేసే పదార్థంగా. 1994లో డెట్మార్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు సోరియాసిస్ చర్మంలో ఇది బాగా ఎక్కువగా తయారవుతోందని చూపించారు. 2003లో మరో బృందం ఎలుకల చర్మంలో ఇదొక్కటి ఎక్కువయ్యేలా చేసింది. ఎలుకలకి సోరియాసిస్ లాంటి జబ్బు వచ్చింది. వీఈజీఎఫ్‌ని అడ్డుకునే మందు ఇస్తే తగ్గింది. 2009లో ఇంకో విచిత్రం ప్రచురించారు. పెద్దపేగు క్యాన్సర్‌కి వీఈజీఎఫ్‌ని ఆపే ఇంజెక్షన్ తీసుకున్న ఒక రోగికి ఎప్పటినుంచో ఉన్న సోరియాసిస్ పూర్తిగా మాయమైంది. అలాగని ఎవరూ ఆ ఇంజెక్షన్ కోసం పరుగెత్తకండి. రక్తస్రావం, రక్తపోటు వంటి ప్రమాదాలున్న మందు అది. సోరియాసిస్ కోసం ఇవ్వరు. ఎలుక ఎలుకే, ఒక్క రోగి ఒక్క రోగే. జబ్బుకి మొదలు రక్తనాళమా, తెల్ల కణమా, చర్మమా అని పండితులు చాలా వాదించుకున్నారు. ఇప్పుడు తెల్ల కణాల వైపే మొగ్గు ఎక్కువ, కొత్త మందులన్నీ వాటి సంకేతాలను ఆపేవే. అయితే మచ్చ అంచున చర్మం మందం కాకముందే నాళాల్లో మార్పు కనిపిస్తుంది. అందుకని నాళాలు ఊరికే చూస్తూ కూర్చున్నవి కావని నా మట్టుకు నాకు అనిపిస్తుంది.

ఇక రెండో రకం నాళాలు. వీటి గురించి ఎవరూ మాట్లాడరు. బ్యాంకులో ఇన్‌వర్డ్ రిజిస్టరు, అవుట్‌వర్డ్ రిజిస్టరు అని రెండుండేవి. రక్తనాళాల నుంచి కణజాలంలోకి దిగిన నీరంతా తిరిగి రక్తనాళాల్లోకే వెళ్లదు. మిగిలింది, ప్రొటీన్లతో సహా, వేరే సన్నని గొట్టాల ద్వారా బయటికి పోతుంది. వాటికి శోషరస నాళాలని పేరు. ఒక కొస మూసుకుని ఉండి, ఒకే పొర కణాలతో, చాలా పలుచగా ఉంటాయి. పేరు కొత్తగా ఉందేమో గానీ విషయం మన గంజాం వాళ్లకీ, శ్రీకాకుళం వాళ్లకీ కొత్త కాదు. బోదకాలు చూడని పెద్దవాళ్లు ఈ సభలో ఉండరు. దోమకాటుతో వచ్చిన ఫైలేరియా పురుగు ఈ నాళాల్లోనే కాపురం పెట్టి వాటిని పాడుచేస్తుంది. అప్పుడు నీరు పోయే దారి లేక కాలు వాస్తుంది. గజ్జల్లో బిళ్ల కట్టింది అంటామే, ఆ బిళ్లలు ఈ నాళాల దారిలో ఉండే గ్రంథులే. తూము పూడిపోయిన చెరువు ఎలా ఉంటుందో మనకు తెలుసు.

సోరియాసిస్‌లో ఈ తూములు పూడిపోవు. వెడల్పవుతాయి, మెలికలు తిరుగుతాయి, సంఖ్య కూడా పెరుగుతుంది. కారిన నీరూ కణాలూ ఎక్కువైనప్పుడు బయటికి పంపే దారి పెరగడం సహజమే. కానీ ఇవి ఒట్టి మురుగు కాలువలు కావు. చర్మంలో కాపలా కాసే కొన్ని కణాలు ఈ దారినే గ్రంథులకి వెళ్లి "ఇక్కడ గొడవ జరుగుతోంది" అని కబురు చెబుతాయి. గ్రంథుల్లో కొత్త కణాలు తయారై రక్తం ద్వారా మళ్లీ చర్మానికి వస్తాయి. మరి ఈ నాళాలు పెరగడం మంచిదా, చెడ్డదా? 2010లో స్విట్జర్లాండ్‌లో డెట్మార్ బృందమే దీన్ని ఎలుకల్లో పరీక్షించింది. శోషరస నాళాల పెరుగుదలని అడ్డుకుంటే వాపు ఎక్కువ కాలం నిలిచింది. పెంచితే వాపు తగ్గింది. రక్తనాళాల పెరుగుదలని ఆపితేనూ వాపు తగ్గింది. అంటే రెండు రకాల నాళాలూ పెరుగుతున్నా ఒకటి మంటకి కట్టెలు మోస్తోంది, ఇంకొకటి బూడిద ఎత్తిపోస్తోంది. ఎలుకల్లో సంగతి ఇది. మనుషులకి దీని మీద ఆధారపడిన చికిత్స ఇంకా లేదు. ఇక్కడున్న సైన్సు పిల్లల్లో ఎవరైనా పరిశోధనకి వెళ్తే చేయడానికి పని ఉంది.

తగ్గిన మచ్చ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది దెబ్బతినేది ఇక్కడే. నెల రోజులు మందు రాస్తారు, చర్మం నున్నబడుతుంది, మందు అవతల పారేస్తారు, మూడు నెలలకి అదే చోట అదే ఆకారంలో మచ్చ లేస్తుంది. "ఇంగ్లీషు మందు వేస్టు" అంటారు. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయం వాళ్లు 2011లో ప్రచురించిన పరిశీలన ఒకటుంది. మంచి మందుతో పూర్తిగా తగ్గిందనుకున్న మచ్చల నుంచి చిన్న ముక్క తీసి చూశారు. పైకి మామూలు చర్మమే. లోపల మాత్రం కొన్ని జన్యువుల పనితీరు ఇంకా మామూలుకి రాలేదు. వాటిలో శోషరస నాళాలకి సంబంధించినదీ ఉంది. ఖాతాలో బాలెన్సు సున్నా అయినంత మాత్రాన ఖాతా మూసేసినట్టు కాదు. మందు ఎప్పుడు తగ్గించాలో, ఎప్పుడు ఆపాలో డాక్టరు చెప్పాలి, అద్దం చెప్పకూడదు.

స్టిరాయిడ్ మలాముల గురించి ఒక్క నిమిషం. ఇవి వాపుని తగ్గిస్తాయి, రక్తనాళాలని బిగిస్తాయి. రాసిన చోట చర్మం తెల్లబడుతుంది. ఎంత తెల్లబడిందో చూసి మలాము బలాన్ని కొలిచే పద్ధతిని 1962లో మెకెంజీ, స్టౌటన్ అనే ఇద్దరు ప్రవేశపెట్టారు. సరిగ్గా వాడితే మంచి మందు. నెలల తరబడి ఇష్టం వచ్చినట్టు రాస్తే చర్మం పలుచబడి, అదే రక్తనాళాలు శాశ్వతంగా ఉబ్బి ఎర్రని గీతల్లా కనిపిస్తాయి. మన మందుల షాపుల్లో స్టిరాయిడ్, యాంటీబయాటిక్, తామర మందు మూడూ కలిపిన ట్యూబులు అడిగిన వెంటనే ఇచ్చేవారు. 2018లో కేంద్ర ప్రభుత్వం పద్నాలుగు రకాల స్టిరాయిడ్ మలాములను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. చీటీ లేకుండా షాపువాడు ఇస్తే మీరు తీసుకోకండి. అంతకంటే ప్రమాదం పొట్లాల్లో కట్టి ఇచ్చే పేరులేని మాత్రలు. వాటిలో స్టిరాయిడ్ ఉంటే తిన్నన్నాళ్లు అద్భుతంగా తగ్గుతుంది. హఠాత్తుగా ఆపితే ఒళ్లంతా ఎర్రబడి మండిపోవచ్చు. మా దగ్గరి బంధువు ఒకాయనకి అలా అయింది. వేసవిలో దుప్పట్లు కప్పుకుని చలి చలి అని వణికాడు. ఒంటినిండా నాళాలు తెరుచుకుంటే ఒంట్లో వేడీ, నీరూ బయటికి పోతాయి, గుండె మీద భారం పడుతుంది. అది ఆసుపత్రిలో చేర్చవలసిన స్థితి. మెథోట్రెక్సేట్ అనే మాత్ర వాడేవాళ్లు ఉంటే, అది వారానికి ఒక్కసారి మాత్రమే. రోజూ వేసుకుంటే ప్రాణం పోవచ్చు. క్యాలెండర్లో వారం మీద సున్నా చుట్టి పెట్టుకోండి. ఖరీదైన ఇంజెక్షన్లు కూడా ఉన్నాయి. వాటిలో ఇటోలిజుమాబ్ అనే దానికి మన దేశంలోనే 2013లో అనుమతి వచ్చింది, బెంగుళూరు బయోకాన్ కంపెనీ తెచ్చింది.

నాళాలు చర్మంలోనే కాదు కదా, గుండెలోనూ ఉన్నాయి. ఇంగ్లండులో లక్షల మంది వైద్య రికార్డులు పరిశీలించి 2006లో అమెరికా డాక్టర్లు ఒక లెక్క తేల్చారు. సోరియాసిస్ ఉన్నవాళ్లకి, ముఖ్యంగా చిన్న వయసులో తీవ్రంగా వచ్చినవాళ్లకి, గుండెపోటు ప్రమాదం ఎక్కువ. ఒంట్లో ఎడతెగని వాపు గుండె నాళాలకీ మంచిది కాదన్నమాట. అందుకని సోరియాసిస్ ఉన్నవాళ్లు మలాముతో సరిపెట్టుకోకుండా ఏడాదికోసారి రక్తపోటు, షుగరు, కొలెస్ట్రాల్ చూపించుకోవాలి. సిగరెట్టు, గుట్కా మానాలి. నేను ఏటా మా పెళ్లిరోజున చూపించుకుంటాను. మా ఆవిడ ఇదేం వేడుక అంటుంది. పొద్దున్నే కీళ్లు బిగుసుకుపోయి నొప్పి ఉంటే అదీ డాక్టరుకి చెప్పాలి, సోరియాసిస్ కీళ్లకి కూడా వస్తుంది. పిల్లల్లో గొంతు ఇన్‌ఫెక్షన్ తరువాత ఒంటినిండా చిన్నచిన్న చుక్కల్లా సోరియాసిస్ లేవవచ్చు. ఆ సమయంలో తల్లులు బెంబేలెత్తి తిండి మాన్పించకండి. చేప మాని, వంకాయ మాని, గుడ్డు మాని పిల్లల్ని ఎండగట్టినందువల్ల ఈ నాళాలు మామూలుకి రావు.

పెళ్లి సంబంధాల దగ్గర ఒక ప్రశ్న ఎప్పుడూ వస్తుంది, పిల్లలకి వస్తుందా అని. కుటుంబంలో ఉంటే వచ్చే అవకాశం కొంత పెరుగుతుంది. కానీ తల్లిదండ్రుల్లో ఒకరికి ఉన్నా ఎక్కువ మంది పిల్లలకి రాదు. నాకు ఇద్దరు పిల్లలు, ఇద్దరికీ లేదు. షుగరు ఉన్న ఇంటికి పిల్లనిస్తున్నాం కదా.

ఇప్పుడు నా విన్నపం. మన ట్రస్టు వసతిగృహం దరఖాస్తులో పదకొండో గడి ఇలా ఉంది: "అంటువ్యాధులు, చర్మవ్యాధులు ఏమైనా ఉన్నవా? ఉన్నచో వివరములు." మూడేళ్ల క్రితం పల్లెటూరి నుంచి వచ్చిన ఒక కుర్రాడు ఆ గడిలో నిజాయితీగా సోరియాసిస్ అని రాశాడు. అతని దరఖాస్తు పక్కన పెట్టారు. మంచి మార్కులే ఉన్నాయి, స్కాలర్‌షిప్పు కూడా ఇచ్చాం, గది మాత్రం ఇవ్వలేదు. ఆ ఏడాదంతా ఇంకో ఇద్దరితో కలిసి అద్దె గదిలో ఉండి చదివాడు. అద్దెకే స్కాలర్‌షిప్పు సరిపోయింది. పేరు చెప్పనని మాటిచ్చి, అతని అనుమతితోనే ఈ సంగతి చెబుతున్నాను. కమిటీ వారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఫారం రెండు మాటల్ని ఒకే గడిలో కట్టేసింది, చదివినవాళ్లు రెంటినీ ఒకటే అనుకున్నారు.

2014 మే నెలలో జెనీవాలో ప్రపంచ ఆరోగ్య సభ సోరియాసిస్ మీద ఒక తీర్మానం చేసింది. అది దీర్ఘకాలికమైన, అంటుకోని జబ్బు అని ఆ తీర్మానంలోనే ఉంది. బ్యాంకువాణ్ని కాబట్టి కాగితం లేకుండా రాలేదు, దాని ప్రతి తెచ్చాను. ఈ అరగంటలో నేను చెప్పిన రక్తనాళాలూ, శోషరస నాళాలూ, తెల్ల కణాలూ అన్నీ ఆ మనిషి చర్మం లోపలివే. పక్క మంచం మీద పడుకున్నవాడికి అందులో నుంచి వెళ్లేది ఏమీ లేదు. అదే దుప్పటి కప్పుకున్నా, అదే కంచంలో తిన్నా వెళ్లదు.

వచ్చే ఏడాది ఫారాలు ఈ నెలాఖరుకి ప్రెస్సుకి వెళ్తాయని కార్యదర్శి గారు చెప్పారు. పదకొండో గడిని రెండుగా విడదీయమని కోరుతున్నాను. మొదటిది: "క్షయ, గజ్జి వంటి అంటువ్యాధికి ప్రస్తుతం చికిత్స పొందుతున్నారా?" రెండోది: "వసతిగృహంలో మీకు అవసరమైన వైద్య సహాయం ఏదైనా ఉంటే రాయండి. ఈ సమాధానం ప్రవేశానికి అడ్డు కాదు." ఈ రెండు వాక్యాలూ విడి కాగితం మీద రాసి, తీర్మానం ప్రతితో కలిపి పిన్ను పెట్టి తెచ్చాను. అధ్యక్షుల వారికి ఇప్పుడే అందజేస్తున్నాను. సోరియాసిస్ గురించి అడగదలచినవాళ్లు భోజనాల దగ్గర నన్ను కలవండి. నలుగురిలో అడగడానికి మొహమాటపడేవాళ్ల కోసం సభ అయ్యాక కూడా గంటసేపు ఆఫీసు గదిలోనే ఉంటాను.